డిగ్రీలో జీవశాస్త్రం: నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు బోధన

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలో డిగ్రీ జీవశాస్త్రం అంటే ముఖ్యంగా బీఎస్సీలో చెప్పే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం. చాలాకాలం ఈ రెండూ రసాయనశాస్త్రంతో కలిసి ‘బీజడ్‌సీ’ గ్రూపుగా నడిచాయి. పల్లెల్లో ఇప్పటికీ ‘బీజడ్‌సీ చదివినాడు’ అంటేనే అర్థమవుతుంది. సూక్ష్మజీవశాస్త్రం, జీవరసాయనశాస్త్రం, బయోటెక్నాలజీ ఆ తరవాత వచ్చి చేరాయి. ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవారు ఈ కోర్సుల్లో చేరతారు. వారిలో చాలామంది ముందు ఎంబీబీఎస్ సీటుకో, వ్యవసాయ డిగ్రీ సీటుకో ప్రయత్నించి, అది దొరక్క ఇటు వచ్చినవారే. మొదటి సంవత్సరం పాఠం చెప్పే అధ్యాపకుడికి ఈ సంగతి తరగతిలో అడుగుపెట్టగానే తెలిసిపోతుంది.

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లా విడివడింది. ఇక్కడి డిగ్రీ కళాశాలలు 2008లో కర్నూలులో ఏర్పడ్డ రాయలసీమ విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తాయి. అంతకు ముందు అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, దానికంటే ముందు 1954లో మొదలైన తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఈ బాధ్యత చూశాయి. నంద్యాలలోని పీఎస్‌సీ అండ్ కేవీఎస్‌సీ ప్రభుత్వ డిగ్రీ కళాశాల, శ్రీ రామకృష్ణ డిగ్రీ కళాశాల ఈ ప్రాంతంలో పేరున్నవి. చుట్టుపక్కల పల్లెల పిల్లలకు డిగ్రీ అంటే పొద్దున్నే బస్సెక్కి నంద్యాలకో ఆళ్ళగడ్డకో పోయి రావడమే.

ఈ ప్రాంతపు బోధన గురించి ప్రత్యేకంగా చెప్పుకోవడానికి కారణం ఇక్కడి నేల. తూర్పున నల్లమల అడవి, దాని కింద కుందూ నది లోయలో నల్లరేగడి. ఆ రేగట్లో పత్తి, శనగ, జొన్న, కాలువ కింద వరి. పాఠ్యప్రణాళిక మాత్రం ఎప్పుడూ బయటినుంచే వచ్చింది. ఈ రెండింటికీ ముడి వేసే పని అధ్యాపకుడి మీద పడుతుంది.

పాఠ్యప్రణాళిక వచ్చిన దారి

ఒక్కో వర్గానికి ఒక్కో జీవిని నమూనాగా తీసుకుని, దాన్ని తల నుంచి తోక దాకా చదివించే పద్ధతికి మూలం లండన్‌లో ఉంది. థామస్ హక్స్‌లీ, హెన్రీ న్యూవెల్ మార్టిన్ కలిసి 1875లో వెలువరించిన ప్రయోగ జీవశాస్త్ర పుస్తకం ఈ పద్ధతిని స్థిరపరిచింది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలు దాన్నే అందుకున్నాయి. అయితే అక్కడి జీవులు వేరు, ఇక్కడివి వేరు. 1926లో లక్నో ఆచార్యుడు కె.ఎన్. బాల్ మనదేశపు వానపాము ఫెరిటిమా మీద రాసిన పుస్తకంతో భారతీయ జంతుశాస్త్ర గ్రంథమాల మొదలయింది. ఆ పరంపర వల్లనే పైలా నత్త, పలీమాన్ రొయ్య, స్కోలియోడాన్ సొరచేప మన విద్యార్థుల రికార్డుల్లోకి ఎక్కాయి. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న నంద్యాల పిల్లలు సొరచేప మెదడు నాడులను పదేళ్ళకు పదేళ్ళు గీసి అప్పగించారు.

1969-70 ప్రాంతంలో పీయూసీ పోయి ఇంటర్మీడియట్ వచ్చింది. అంతకు ఏడాది ముందు, 1968లో, అప్పటి విద్యామంత్రి పి.వి. నరసింహారావు అధ్యక్షుడిగా తెలుగు అకాడమీ ఏర్పడింది. డిగ్రీ జీవశాస్త్రాన్ని తెలుగులో చదివే వీలు సాధారణ విద్యార్థికి దాని పుస్తకాల వల్లనే కలిగింది. శైవలాలు, శిలీంధ్రాలు, అకశేరుకాలు, పిండోత్పత్తిశాస్త్రం, క్షయకరణ విభజన వంటి మాటలు ఒక తరానికి నోటికొచ్చిన మాటలయ్యాయి. పల్లెల నుంచి వచ్చి జంతుశాస్త్ర అధ్యాపకులైనవారు ఆ తరంలో కొల్లలు. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిగ్రీ కోర్సులన్నిటినీ ఇంగ్లిషు మాధ్యమంలోకి మార్చింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. వాస్తవంలో తరగతి గది రెండు భాషల్లో నడుస్తుంది. నిర్వచనం ఇంగ్లిషులో, వివరణ తెలుగులో, పరీక్ష మళ్ళీ ఇంగ్లిషులో.

కోర్సు నిర్మాణం 2015-16 నుంచి 2023-24 లోపు మూడుసార్లు మారింది. 2015-16లో సంవత్సరాంత పరీక్షలు పోయి సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాయి. 2020-21లో నైపుణ్య కోర్సులు, మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్, ఐచ్ఛికమైన నాలుగో సంవత్సరపు ఆనర్స్ చేరాయి. 2023-24లో మూడు సబ్జెక్టుల పద్ధతి స్థానంలో ఒక మేజర్, ఒక మైనర్ వచ్చాయి. మొదటి సెమిస్టర్‌లో జీవశాస్త్ర విద్యార్థులందరికీ ఉమ్మడిగా రెండు పేపర్లు పెట్టారు. ఒకటి సంప్రదాయ జీవశాస్త్ర పరిచయం, రెండోది అనువర్తిత జీవశాస్త్ర పరిచయం. ఈ మార్పుతో వృక్షశాస్త్రం మేజర్‌గా తీసుకున్నవారు జంతుశాస్త్రాన్ని పైపైన తాకి వదిలేసే పరిస్థితి వచ్చింది. బీఈడీ చేసి బడిలో జీవశాస్త్రం చెప్పబోయేవారికి రెండూ సమానంగా కావాలి కనుక, పాత బీజడ్‌సీ ఈ ఒక్క విషయంలో మేలన్న అధ్యాపకుల మాటను తోసిపుచ్చలేం.

పేపర్ల వరుస

పేర్లు మారినా సరుకు చాలావరకు అదే. జంతుశాస్త్రంలో అకశేరుకాలు, సకశేరుకాలు, తరవాత కణశాస్త్రం, జన్యుశాస్త్రం, అణుజీవశాస్త్రం, పరిణామం, ఆపైన శరీరధర్మశాస్త్రం, పిండోత్పత్తి, రోగనిరోధకశాస్త్రం. వృక్షశాస్త్రంలో సూక్ష్మజీవులు, శైవలాలు, శిలీంధ్రాలతో మొదలై, నాళికా మొక్కలు, వర్గీకరణ, అంతర్నిర్మాణం, జీవావరణం, శరీరధర్మం, మొక్కల ప్రజననం దాకా సాగుతుంది. చివరి ఏడాది అనువర్తిత పేపర్లు. కోస్తా కళాశాలలకు చేపల పెంపకం సహజంగా అమరుతుంది. ఇక్కడ పశుపోషణ, కోళ్ళ పెంపకం, విత్తనోత్పత్తి, నర్సరీ పని దగ్గరివి.

పెరిపేటస్ అనే జీవి గురించి ప్రతి జంతుశాస్త్ర విద్యార్థీ చదువుతాడు. వలయజీవులకూ సంధిపాద జీవులకూ మధ్య వారధిగా పరీక్షలో అది తప్పని ప్రశ్న. దాని బంధువు మన దేశంలో దొరికేది అరుణాచల్ ప్రదేశ్ కొండల్లోనే. ఇంకోవైపు, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో ప్రపంచంలో మరెక్కడా లేని సాలీడు ఒకటుంది. పేరు పీసిలోథీరియా మెటాలికా. కాళ్ళూ ఒళ్ళూ లోహపు మెరుపుతో నీలంగా ఉంటాయి. 1899లో ఆర్.ఐ. పొకాక్ దాన్ని వర్ణించినప్పుడు నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప గోదాములో. కలపతోపాటు రైల్లో వచ్చి ఉంటుందని తరవాతివాళ్ళ ఊహ. దాదాపు వందేళ్ళు దాని జాడ తెలియలేదు. 2001లో ఈ అడవిలో మళ్ళీ కనిపించింది. పాత చెట్ల తొర్రల్లో బతికే ఈ సాలీడును 2008లో తీవ్రంగా అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చారు. విదేశాల్లో సాలీళ్ళను పెంచుకునేవారి ఇళ్ళలో, గాజుపెట్టెల్లో, అది విరివిగా ఉంది. మన రికార్డు పుస్తకంలో దాని బొమ్మ ఉండదు.

ప్రాక్టికల్స్

జీవశాస్త్ర డిగ్రీని గుర్తు చేసుకునేవారు ముందు చెప్పేది ప్రాక్టికల్స్ గురించి. ఉల్లి వేరు మొనను ఎసిటోకార్మిన్‌లో వేసి, స్లైడు మీద నొక్కి, సమవిభజన దశలు వెతకడం మొదటి పరీక్ష. వేరు కోసిన వేళ సరిగ్గా లేకపోతే విభజన కణాలు కనబడవు. పిల్లలు గంటసేపు సూక్ష్మదర్శినిలోకి చూసి, చివరకు పుస్తకంలోని బొమ్మే గీస్తారు. రియో ఆకు కింది పొర ఒలిచి పత్రరంధ్రాలు చూపడం దీనికంటే సులువు, ఎప్పుడూ విఫలం కాదు. గాజు గరాటు కింద హైడ్రిల్లా పెట్టి ఆక్సిజన్ బుడగలు లెక్కించడం, గానాంగ్ పోటోమీటరుతో బాష్పోత్సేకం కొలవడం, బంగాళాదుంపను తొలిచి ద్రవాభిసరణ చూపడం నలభై ఏళ్ళుగా మారని ప్రయోగాలు.

‘స్పాటర్లు’ ఈ పరీక్షలో ప్రత్యేక ఘట్టం. బల్లల మీద వరసగా నమూనాలు, స్లైడ్లు పెడతారు. గంట కొట్టగానే విద్యార్థి ఒకదాని ముందునుంచి ఇంకోదాని ముందుకు జరగాలి. ఆ కొద్ది నిమిషాల్లో గుర్తించాలి, బొమ్మ వేయాలి, కారణాలు రాయాలి. సీసాల్లో ఫార్మలిన్‌లో ఏళ్ళ తరబడి ఉన్న నమూనాలు రంగు పోయి ఒకేలా కనిపిస్తాయి. అందువల్ల సీసా మూత మీది పగులునో, చీటీ మీది మరకనో చూసి నమూనాను గుర్తుపట్టే నేర్పు ప్రతి బ్యాచిలోనూ కొందరికి అబ్బుతుంది. బయటి కళాశాల నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్‌కు ఆ సంగతి తెలుసు. ఆయనా ఒకప్పుడు అలాగే పాసై ఉంటాడు.

విచ్ఛేదనం కథ వేరు. 2010ల దాకా జంతుశాస్త్ర ప్రయోగశాల అంటే మైనపు పళ్ళెం, క్లోరోఫాం వాసన, గుండుసూదులు. బొద్దింక జీర్ణవ్యవస్థ, వానపాము నాడీవ్యవస్థ, కప్ప ధమనులు, తొండ కపాలనాడులు. కప్పలు తెచ్చే బాధ్యత అటెండరుదీ, కాలువ గట్ల మీద వాటిని పట్టేవారిదీ. 1972 వన్యప్రాణి చట్టం, 1987లో కప్పకాళ్ళ ఎగుమతి మీద నిషేధం వచ్చినా ప్రయోగశాలల్లో పని ఆగలేదు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2011లో దశలవారీగా తగ్గించమంది, 2014లో డిగ్రీ, పీజీ రెండింటిలోనూ ఆపేయమంది. ఇప్పుడు చార్టులు, ప్లాస్టిక్ నమూనాలు, కంప్యూటర్ తెర మీది విచ్ఛేదనం. కప్పల మీద కోత ఆగడం మంచిదే. ఏ దేహమూ తెరిచి చూడకుండానే జంతుశాస్త్ర పట్టా చేతికి రావడం మాత్రం చిన్న నష్టం కాదు. ఆ ఖాళీని పొలంలో, చెరువు గట్టున పరిశీలనతో పూడ్చవచ్చునని మార్గదర్శకాల్లో ఉంది. అది జరిగిన చోట్లు తక్కువ.

వృక్షశాస్త్రంలో హెర్బేరియం ఈ లోటు కొంత తీరుస్తుంది. పాత పేపర్ల మధ్య మొక్కను నొక్కి ఆరబెట్టి, అట్ట మీద కుట్టి, పేరు, కుటుంబం, దొరికిన చోటు రాసి అప్పగించాలి. అధ్యాపకులు ఇప్పటికీ బెంథామ్, హుకర్ల వర్గీకరణనే చెబుతారు. 1862 నుంచి 1883 దాకా వెలువడిన గ్రంథం అది. డీఎన్‌ఏ ఆధారంగా ఆ అమరిక చాలాచోట్ల మారింది, కాని పూవు విప్పి చూసి కుటుంబం పట్టడానికి అంతకన్నా సులువైనది లేదు. అనోనేసీకి నల్లమల అంచున విరివిగా పెరిగే సీతాఫలం, యాస్‌క్లిపియడేసీకి బాట పక్క జిల్లేడు, మాల్వేసీకి పత్తి, బెండ, గోంగూర, పోయేసీకి వరి, జొన్న, కొర్ర. చిక్కల్లా అడవి మొక్కలతోనే. అహోబిలం దాటి లోపలికి పోతే అది పులుల రక్షిత అడవి. అనుమతి లేకుండా రెమ్మ తెంపరాదు. దాంతో చాలా హెర్బేరియాల్లో వయ్యారిభామ, ఉమ్మెత్త, తంగేడు తప్ప వేరేవి ఉండవు.

నల్లమల పుస్తకాలు

ఈ అడవి గురించి పాఠం చెప్పాలనుకునే అధ్యాపకుడికి ఆధారాలు లేవనలేం. భారత వృక్షశాస్త్ర సర్వే తరఫున జె.ఎల్. ఎల్లిస్ రాసిన నల్లమల వృక్షజాలం రెండు సంపుటాలు 1987, 1990లలో వచ్చాయి. ఎల్లిస్ పేరుపెట్టిన మొక్కల్లో ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా ఈ కొండలకే పరిమితం. అది నేలవేముకు దగ్గరి చుట్టం. అనంతపురం విశ్వవిద్యాలయంలో టి. పుల్లయ్య బృందం జిల్లాల వారీగా వృక్షజాల గ్రంథాలు తెచ్చింది. ఆర్.ఆర్. వెంకటరాజు, పుల్లయ్యల కర్నూలు జిల్లా వృక్షజాలం 1995 నాటిది. అంతకు చాలా ముందు, 1780లలో సామర్లకోటలో మొక్కలు పెంచిన విలియం రాక్స్‌బర్గ్, విశాఖపట్నంలో పాముల మీద పని చేసిన పాట్రిక్ రస్సెల్ తెలుగు నేల మీద ఈ శాస్త్రానికి పునాది వేసినవారిలో ముఖ్యులు.

ఏగి, ఎర్రచందనం రెండూ టెరోకార్పస్ ప్రజాతికి చెందినవే. రెండూ ఈ కొండల్లో ఉన్నాయి. ఒకటి ద్వీపకల్పమంతా పెరుగుతుంది, రెండోది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. స్థానీయత అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. అలాగే పరిణామం, శిలాజాల పాఠానికి బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ 1880లలో అక్కడ తవ్వి పాత జంతువుల ఎముకలు బయటికి తీశారు. రిచర్డ్ లిడెక్కర్ వాటిని పరిశీలించి 1886లో ప్రకటించాడు. సంరక్షణ పాఠానికి రోళ్ళపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో ఆ గడ్డిమైదానాన్ని అభయారణ్యం చేశారు. పిట్ట అక్కడ దాదాపు కనుమరుగయింది, కృష్ణజింకలు పెరిగాయి. ఒక జాతి కోసం గీసిన హద్దుల్లో వేరొకటి వర్ధిల్లడాన్ని జీవావరణ శాస్త్రం ఎలా అర్థం చేసుకుంటుందన్నది మంచి సెమినార్ విషయం. ఇవన్నీ ఒక్కరోజు బస్సు ప్రయాణంలో చూసి రాదగ్గవే.

పత్తి చేలో జన్యుశాస్త్రం

మొక్కల ప్రజననం పేపర్లో ఒక అధ్యాయం సంకరణ పద్ధతులు. ఆడ మొక్కగా ఎంచుకున్నదాని మొగ్గలోంచి కేసరాలు తీసేయడం, తొడుగు వేయడం, మరునాడు మగ మొక్క పుప్పొడి రాయడం, చీటీ కట్టడం. 1866లో ప్రకటించిన బఠాణీ పరిశోధనలో మెండెల్ చేసిన పని ఇదే. ఈ అధ్యాయాన్ని పుస్తకం చూసి చెప్పాల్సిన అవసరం లేని ప్రాంతాల్లో ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల పరిసరాలు ముందుంటాయి. ఇక్కడ ‘సీడు పత్తి’ వేసే రైతులు, ‘క్రాసింగ్’ పనికి పోయే కూలీలు దీన్ని వేల పూల మీద చేస్తారు. సాయంత్రం, మరునాడు విచ్చుకోబోయే మొగ్గను గుర్తించి, ఆకర్షణ పత్రాలను, కేసర నాళాన్ని గోటితో తొలగిస్తారు. కీలాగ్రానికి గాయం కాకూడదు. పొద్దున మగ పూలు తెచ్చి రుద్దుతారు. ఒక్క మగ పూవు నాలుగైదు ఆడ పూలకు సరిపోతుంది. 1970లో గుజరాత్‌లో సి.టి. పటేల్ విడుదల చేసిన హెచ్-4, ప్రపంచంలో వాణిజ్యపరంగా వచ్చిన తొలి పత్తి సంకరం. ఇలా చేత్తో చేసే పని మీదే అది నిలబడింది.

ఈ పనికి చీకటి కోణమూ ఉంది. సన్నని వేళ్ళు కావాలంటూ ఆడపిల్లలను బడి మాన్పించి చేలకు తోలిన సంగతి 1990ల చివరి నుంచి జరిగిన అధ్యయనాల్లో నమోదయింది. అందులో కర్నూలు జిల్లా పేరు పదేపదే వస్తుంది. తరగతి గదిలో అమ్మాయిల్లో కొందరికి ఈ పని చేతికి తెలిసి ఉండటం అనూహ్యమేమీ కాదు. వారి చేత చేయించి చూపించే అధ్యాపకుడు పుస్తకం తెరవనక్కర్లేదు, కాని ఆ పిల్లలు ఎలా నేర్చుకున్నారన్నది మరిచి పాఠం చెప్పడం సరికాదు.

పత్తి ఇంకా చాలా చెబుతుంది. నంద్యాల ప్రాంతంలో పాతకాలంలో ‘నార్తరన్స్’ పేరుతో అమ్ముడుపోయిన దేశవాళీ పత్తి గాసిపియం ఆర్బోరియం, క్రోమోజోములు 26. ఇప్పుడు పొలాల నిండా ఉన్న అమెరికన్ పత్తి గాసిపియం హిర్సూటం, క్రోమోజోములు 52. బహుస్థితికత పాఠం అక్కడే ఉంది. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది, 2006లో రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 వచ్చింది. కొన్నేళ్ళకే గులాబీరంగు పురుగు రెండింటినీ తట్టుకోవడం నేర్చింది. ప్రకృతి వరణానికి పుస్తకాలన్నీ మాంచెస్టర్ చిమ్మట ఉదాహరణే ఇస్తాయి. కాయ విప్పితే కనిపించే గులాబీరంగు పురుగు అంతకన్నా నిష్ఠూరమైన ఉదాహరణ. విత్తన పొట్లంతోపాటు ఇచ్చిన బీటీ కాని గింజలను పొలం చుట్టూ వేయమని చెప్పేవారు. అలా ఎందుకు వేయమన్నారో జన్యుశాస్త్రం చదివిన పిల్ల ఇంట్లో చెప్పగలిగితే, ఆ అధ్యాయం అర్థమయినట్టే.

నంద్యాలలో వ్యవసాయ పరిశోధన కేంద్రం గత శతాబ్ది తొలినాళ్ళ నుంచీ ఉంది. ‘నరసింహ’ పత్తి, ఎన్‌టీజే జొన్నలు, యంత్రంతో కోయడానికి వీలైన ఎన్‌బీఈజీ-47 శనగ, ‘సూర్యనంది’ కొర్ర అక్కడివే. మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది. వ్యవసాయ డిగ్రీ విద్యార్థులకు ఈ కేంద్రం పెరడు లాంటిది. పక్కనే ఉన్న బీఎస్సీ విద్యార్థులకు అది సందర్శన స్థలం. 2020-21 తరవాత ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కావడంతో ఈ గోడ కొంత సడలే అవకాశం వచ్చింది. కర్నూలు సోనాగా పేరుపడ్డ సాంబ మసూరి (బీపీటీ-5204) బాపట్లలో పుట్టింది. దానికి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను, అణు గుర్తుల సాయంతో, హైదరాబాదు సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థలు చేర్చి 2008లో విడుదల చేశాయి. అన్నం తినే ప్రతివాడికీ అణుజీవశాస్త్రం ఎక్కడ పనికొస్తుందో చెప్పడానికి ఇది చాలు.

అధ్యాపకుడు

ప్రభుత్వ కళాశాల జీవశాస్త్ర లెక్చరర్‌ను సర్వీస్ కమిషన్ ఎంపిక చేస్తుంది. ఎమ్మెస్సీ, నెట్ లేదా సెట్, చాలామందికి పీహెచ్‌డీ. ఒకే శాఖలో ఇద్దరు ముగ్గురికి మించి ఉండరు. ఖాళీలుంటే గెస్ట్ ఫ్యాకల్టీ. అకశేరుకాల నుంచి అణుజీవశాస్త్రం దాకా అన్నీ వారే చెప్పాలి. దీంతోపాటు ఎన్‌ఎస్‌ఎస్, న్యాక్ ఫైళ్ళు, పరీక్షల పని, అడ్మిషన్ల కోసం ఊళ్ళు తిరగడం. ఇంత పనిలో పిల్లల్ని అడవి అంచుకు తీసుకుపోయే అధ్యాపకుడు ఉన్నాడంటే అది అతని సొంత ఇష్టమే. పాత విద్యార్థులు లెక్చరర్‌ను గుర్తుపెట్టుకునేది ఆ తిరుగుళ్ళ వల్లే. బల్ల మీద పెట్టిన సీసా ఎవరికీ గుర్తుండదు.

డిగ్రీ తరవాత

పట్టభద్రుల్లో పెద్ద భాగం బీఈడీ వైపు పోతుంది. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ జీవశాస్త్రం పోస్టు ఇక్కడి ఇళ్ళల్లో ఇప్పటికీ పెద్ద గౌరవం. మరికొందరు ఎమ్మెస్సీకి కర్నూలు, అనంతపురం, తిరుపతి చేరతారు. మెడికల్ ల్యాబ్ కోర్సులు, హైదరాబాదు మందుల కంపెనీల్లో నాణ్యతా పరీక్ష విభాగాలు, విత్తన కంపెనీల క్షేత్ర ఉద్యోగాలు కూడా దొరుకుతాయి. అటవీ శాఖ బీట్ ఆఫీసరు పరీక్షకు తయారయ్యేవారిలోనూ వీరుంటారు. నాలుగో ఏడు ఆనర్స్ చదివినవారికి పరిశోధనలోకి నేరుగా దారి ఉంది. ఆనర్స్ నడపాలంటే పరికరాలు, గ్రంథాలయం, చాలినంతమంది అధ్యాపకులు ఉండాలి కనుక జిల్లాలో ఎక్కువ కళాశాలలు మూడేళ్ళతోనే సరిపెట్టుకుంటున్నాయి.